కరకర మేడమ్ కుడికన్ను

కన్ను కొట్టడం చేతకానివాడు కన్ను కొడితే ఏమవుతుందో స్పానర్‌ని అడగాలి. ముందు రెండు కళ్ళూ కలిసి మూసుకుపోతాయి. పట్టుబట్టి ఒక్కటే మూస్తే మూతి పక్కకి పోతుంది. మూతిని దారిలో పెట్టేసరికి ముక్కు ముడుచుకుంటుంది. రెండు రోజులు ఇంట్లో అద్దం ముందు నిలబడి ఈ కసరత్తు చేసి, మూడోరోజు పొద్దున్నే బిస్కెట్ ఫ్యాక్టరీ వరండాలో, టీ మెషిన్ పక్కన, ఎదురుగా వస్తున్న కరకర మేడమ్‌కి అతను కన్ను కొట్టేశాడు.

ఆమె ఠక్కున ఆగిపోయింది. చేతిలో ఉన్న మార్కుల ప్యాడ్‌ని గుండెలకి ఆనించుకుని అతని ముఖంలోకి చూసింది.

"ఏంటది?"

"అదే... మీకు తెలుసుగా మేడమ్."

"తెలుసు. బాగా తెలుసు. ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేశారు?"

స్పానర్‌కి అబద్ధం ఆడటం కూడా చేతకాదు. "రెండ్రోజులండీ" అన్నాడు బుద్ధిగా.

ఆమె ముఖం జేవురించింది. "చాలా బాగా వచ్చింది. మూతి వంకరతో సహా దింపేశారు. చిన్నప్పుడు మా క్లాసు పిల్లలకి కూడా ఇంత బాగా వచ్చేది కాదు" అని, టీ కూడా తీసుకోకుండా గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

స్పానర్ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మొదలుపెట్టిందేమో ఆవిడ. తిట్లేమో తనకి. ఇదెక్కడి న్యాయమో అతనికి అంతుపట్టలేదు.

జరిగిన సంగతి ఇది. స్పానర్ ప్యాకింగ్ హాల్లో మెకానిక్. ఏ మెషిన్ మొరాయించినా "స్పానర్!" అని ఓ కేక వినిపిస్తుంది, అతను పరిగెత్తుతాడు. అమ్మానాన్నా పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. కరకర మేడమ్ ఉద్యోగం గోడకి అవతల, టేస్టింగ్ రూమ్‌లో. పొయ్యి నుంచి వచ్చిన ప్రతి వాయిలోంచీ ఒక బిస్కెట్ తీసుకుని, కొరికి, నమిలి, ఆ చప్పుడు విని పదికి మార్కులు వేస్తుంది. ఆరు దాటకపోతే ఆ వాయి మొత్తం బయటికి పోవాల్సిందే, మేనేజరు వచ్చి బతిమాలినా అర మార్కు కలపదు. అందుకే ఆ పేరు.

రెండు గదుల మధ్య పెద్ద అద్దాల కిటికీ ఉంది. ఎప్పుడూ దానికి తెర దించి ఉండేది. పోయినవారం ఆ తెర ఊడిపడితే బాగుచేస్తానని ఒకాయన పట్టుకుపోయి, మళ్ళీ పత్తా లేడు. సోమవారం పదకొండింటికి మూడో నంబరు మెషిన్ దగ్గర బోల్టు బిగిస్తున్న స్పానర్ యథాలాపంగా తలెత్తాడు. కిటికీ అవతల ఒక అందమైన అమ్మాయి సరిగ్గా అతని వైపే చూస్తూ కన్ను కొట్టింది. ఒకసారి కాదు. వరసగా ఆరుసార్లు. నీళ్ళు పుక్కిలించి, ఇంకో బిస్కెట్ తీసుకుని మళ్ళీ ఆరుసార్లు.

బోల్టు కింద పడింది. స్పానర్ గుండె కూడా దాదాపు అక్కడే పడింది.

"అక్కా, ఆవిడ ఎవరికి కొడుతోంది?" అని పక్కనున్న ప్యాకింగ్ అక్కని అడిగాడు. ఆ హాల్లో ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఆవిడ. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"నీకే రా. నాకు కొడుతుందా ఈ వయసులో?"

మంగళవారం అదే. బుధవారం అదే. గురువారం స్పానర్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. "ఆడపిల్ల ఇన్నిసార్లు అడిగితే ఒక్కసారన్నా బదులివ్వవా, మొద్దూ" అని అక్క తల మీద మొట్టింది. శనివారం పొద్దున అతను బదులిచ్చాడు. తర్వాత ఏమైందో చెప్పుకున్నాం కదా.

"పోయి సారీ చెప్పు" అంది అక్క, సంగతి విని.

"ఏం తప్పు చేశానో తెలీకుండా ఎలా అక్కా?"

"తెలిసేదాకా ఆగితే పెళ్ళీడు దాటిపోతుంది. పో!"

టేస్టింగ్ రూమ్ తలుపు తోసేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని మార్కులు వేస్తోంది. తలెత్తలేదు. దగ్గరనుంచి చూస్తే ఆమె కుడికంటి రెప్ప సగం దాకా వాలి ఉంది. ఎడమకన్ను కోపంగా ఉంటే కుడికన్ను నిద్రొస్తున్నట్టుగా ఉంది.

"సారీ మేడమ్. కానీ ముందు కొట్టింది మీరే కదా" అన్నాడు స్పానర్.

"నేనా?"

"సోమవారం నుంచీ. రోజూ పదకొండింటికి. ఆ కిటికీలోంచి."

ఆమె కిటికీ వైపు చూసింది. ఈ గదిలో నాలుగు ట్యూబ్‌లైట్లు. అవతలి హాలు మసక. ఆమె కూర్చున్నచోటి నుంచి అద్దంలో ఆమె ముఖమే కనబడుతుంది తప్ప ఇంకేం కనబడదు. ఏదో అనుమానం వచ్చి లేచి వెళ్ళి లైట్లు ఆర్పింది.

అవతల హాలు మొత్తం ప్రత్యక్షమైంది. మూడో నంబరు మెషిన్, బెల్టు మీద కదిలిపోతున్న పొట్లాలు, గాజుకి ముక్కు ఆనించి చూస్తున్న ముగ్గురు మనుషులు. వాళ్ళలో ప్యాకింగ్ అక్క ఉత్సాహంగా చెయ్యి ఊపింది.

కరకర మేడమ్ పటుక్కున లైట్లు వేసేసి స్టూలు మీద కూలబడింది. "వారం రోజులు! వారం రోజులుగా హాలంతా నేను తినడం చూస్తోందా?"

"హాలంతా కాదండీ. ఎక్కువగా నేనే."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషి వెక్కిరించడానికి రాలేదని అప్పటికి అర్థమైంది. ప్లేట్లోంచి ఒక బిస్కెట్ తీసి, "సరిగ్గా చూడండి" అని కొరికింది. దవడ కదిలినప్పుడల్లా వాలిన కుడిరెప్ప టక్కున పైకెగిరి, మళ్ళీ వాలిపోయింది. నమలడం ఆపింది. రెప్ప కూడా ఆగింది.

"ఇది కన్ను కొట్టడం కాదు. పుట్టుకతోనే ఇంత. నమిలే కండరానికి పోవాల్సిన నరం పోగొకటి దారి తప్పి రెప్పలోకి వచ్చిందట. నేను ఏది నమిలినా ఈ కన్ను ఎగురుతుంది."

"అంటే... నాకు కాదా?"

"కాదు."

"మరి ఎవరికి?"

"బిస్కెట్‌కి."

స్పానర్ ముఖం ఎంతగా వాడిపోయిందంటే, అంత కోపంలోనూ ఆమెకి నవ్వు ఆగలేదు. నవ్వితే రెప్ప ఇంకా ఎగురుతుంది. చటుక్కున ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పటినుంచీ ఆమె చెయ్యి చేసే మొదటి పని అదే.

ఆ సాయంత్రానికల్లా కిటికీకి కొత్త తెర వచ్చింది. పాత కన్వేయర్ బెల్టు గుడ్డని కత్తిరించి, పైపుకి చుట్టి, స్పానర్ తన చేతులతోనే బిగించాడు. బిగించాక ఇటువైపు వచ్చి నిలబడితే ఏమీ కనబడలేదు. తన సుఖానికి తనే తాళం వేసుకున్నట్టయిందని అక్క నవ్వింది. అతనూ నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు.

అయితే గోడలో ఒక చిన్న తలుపు ఉంది. శాంపిల్ ప్లేట్లు అందులోంచే అవతలికి తోస్తారు. మర్నాటి నుంచి ఆ పని స్పానర్ తనంతట తనే నెత్తిన వేసుకున్నాడు. ప్లేటు తోసి, అక్కడే చెవి ఒగ్గి నిలబడేవాడు.

"ఏడున్నర!" అనేవాడు అవతల చప్పుడు వినగానే.

"ఏడు. మీకు చెవులు సరిగ్గా లేవు."

"అర మార్కు నా మొహం చూసి కలపండి మేడమ్."

"మీ మొహం చూస్తే ఉన్నవి కూడా తగ్గుతాయి."

ఇలా నెలన్నర గడిచింది. మాటల్లో మాటగా ఆమె ఎన్నో చెప్పింది. పెళ్ళి విందుల్లో తను ఎప్పుడూ వడ్డించే వరసలోనే ఉండేదాన్నని, తినే వరసలో ఎన్నడూ లేనని చెప్పింది. చూపుకేం ఢోకా లేదని డాక్టర్లు అనడంతో, ఆపరేషన్ అంటే అమ్మ హడలిపోయి ఏళ్ళ తరబడి వాయిదా వేసిందట. ఒంటరిగా కూర్చుని తిన్నా ఎవరూ ఎందుకని అడగని ఉద్యోగం లోకంలో ఇదొక్కటే అనిపించి ఇందులో చేరిందట. అది విన్నాక స్పానర్ ఆ పూట మార్కుల గురించి బేరమాడలేదు.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ వదిలే వేళకి వాన దంచికొట్టింది. సైకిల్ షెడ్డు కింద ఇద్దరే మిగిలారు. షెడ్డు కప్పుకి నాలుగు చిల్లులు. ఎక్కడ నిలబడినా ఏదో ఒకటి నెత్తిన పడుతూనే ఉంది. తడవని చోటు ఒక్కటే ఉంది, అక్కడ ఒకరే నిలబడొచ్చు. ఆమెని అక్కడ నిలబెట్టి, తను చిల్లు కింద నిలబడి, స్పానర్ జేబులోంచి బిస్కెట్ పొట్లం తీశాడు.

ఆమె ఒకటి తీసుకుంది. అలవాటుగా చెయ్యి ముఖం మీదికి వెళ్ళింది. మధ్యలో ఆగింది. మెల్లగా దించేసింది. అతని ఎదురుగా, ఏ అడ్డూ లేకుండా ఆ బిస్కెట్ మొత్తం నమిలింది. కన్ను దాని పని అది చేసుకుపోయింది.

"ఐదున్నర. మెత్తబడింది" అంది.

స్పానర్‌కి ఇక ఆగడం చేతకాలేదు. "నాకు మీరంటే ఇష్టమండీ. చాలా. మా అమ్మతో కూడా చెప్పేశాను" అని గబగబా అనేశాడు.

ఆమె తల దించుకుంది. సిగ్గో భయమో తెలియలేదు. "నేనూ ఒకటి చెప్పాలి. వచ్చే పన్నెండో తారీకు ఆపరేషన్. ఎగిరే ఆ కండరాన్ని విడగొట్టి, తొడలోంచి సన్నటి పట్టీ తీసి దాంతో రెప్పని కనుబొమకి వేలాడదీస్తారట. ఇక ఎగరదు. వాలదు."

"ఆపరేషనా? ఎందుకు?"

"ఎందుకంటే?"

ఇక్కడ మనవాడు జీవితంలోకెల్లా గొప్ప డైలాగు చెబుతున్నాననుకున్నాడు. "ఇలాగే బాగున్నారు కదా! నాకు ఆ కన్నే ఇష్టం. అది లేకపోతే అసలు మీ వంక చూసేవాణ్ణే కాదు."

ఆమె చేతిలో ఉన్న రెండో బిస్కెట్ పొట్లంలో పెట్టేసింది.

"నీకిష్టమని నేను చచ్చేదాకా ముఖానికి చెయ్యడ్డం పెట్టుకుని తినాలా?" మీరు పోయి నువ్వు వచ్చింది. "రెండు నెలల్లో కొత్త టేస్టర్లు వస్తున్నారు. వాళ్ళ ఎదురుగా కూర్చుని, నమిలి చూపించి నేర్పే పని నాకిస్తామన్నారు. ఇరవైమందికి కన్ను కొడుతూ పాఠం చెప్పనా? అది కాదు నా బాధ. నీకు నచ్చింది నేను కాదు. దారి తప్పిన ఒక నరం పోగు."

"అయ్యో, నా ఉద్దేశం..."

ఆమె వినలేదు. ఆ వానలోనే నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్యాకింగ్ అక్క ఒంటికాలి మీద లేచింది. "ఆ పిల్ల కన్ను ఆ పిల్లది. చేయించుకోవాలో వద్దో నిన్నెవడడిగాడు? నీ కాలు నొప్పెడుతోంది, మందేసుకుంటానంటే, వద్దు నువ్వు కుంటితే ముద్దుగా ఉంటావంటే ఎలా ఉంటుందిరా నీకు?"

స్పానర్ తల వంచుకుని బోల్టులు బిగించాడు. అక్క చెప్పింది అర్థమైంది. కానీ అంతకంటే పెద్ద గుబులు లోపల వేరే ఉంది. ఆమె అన్నది నిజమైతే? రేపు ఆ కన్ను కదలకుండా ఉండిపోతే, తన గుండె కూడా అలాగే కదలకుండా ఉండిపోతే? కాదని ఒట్టేసి చెప్పాలనుంది. చెప్పడానికి ధైర్యం చాల్లేదు. నాలుగు రోజులు ప్లేట్లు వేరేవాళ్ళు తోశారు.

పదకొండో తారీకు, ఆమె సెలవు మీద వెళ్ళే ముందురోజు, అతనే ప్లేటు తీసుకెళ్ళాడు.

"మేడమ్, నేనన్నది తప్పు. ఆపరేషన్ చేయించుకోండి. చెప్పడానికి నేనెవర్ననుకోండి... కానీ భయపడకుండా చేయించుకోండి."

అవతల కరకర ఆగింది. ఆమె గొంతు వినిపించింది. "ఆ తర్వాత కూడా నేను నీకు నచ్చుతానా?"

ఇంకెవరైనా అయితే టక్కున నచ్చుతావనేవాళ్ళు. స్పానర్ చెమట తుడుచుకున్నాడు. "నచ్చుతారనే అనుకుంటున్నా. నచ్చాలని కోరుకుంటున్నా. కానీ తెలీకుండా తెలుసని చెప్పలేను మేడమ్."

ఆ తర్వాత చిన్న తలుపు రెండంగుళాలు తెరుచుకుని, ఒక చీటీ బయటికి వచ్చింది. దాని మీద ఒక తారీకు, కంటి డాక్టరుగారి చిరునామా ఉన్నాయి.

"ఆపరేషనయ్యాక ఆరు వారాలకి నాచేత నమిలించి చూస్తారట. ఇంతకుముందు ఎలా ఎగిరేదో బాగా తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉంటే, తేడా చెప్పొచ్చు అన్నారు డాక్టర్. మా అమ్మ కళ్ళు మూసేసుకుంటుంది. నీకంటే బాగా ఎవరికి తెలుసు? అంతవరకూ ఫోన్ చెయ్యొద్దు, రావొద్దు. ఆ రోజు వచ్చి చూడు. కదలని కన్నుని చూసి, అప్పుడు చెప్పు."

ఆ ఆరు వారాలూ స్పానర్ ఎలా గడిపాడో మూడో నంబరు మెషిన్‌ని అడగాలి. బిగించిన బోల్టుల్నే మళ్ళీ బిగించాడు. వార్తలన్నీ ప్యాకింగ్ అక్క ద్వారానే. ఆవిడ ఈలోపు కరకర మేడమ్ వాళ్ళమ్మతో ఫోన్లో చుట్టరికం కలిపేసుకుంది.

"పట్టీ తీసిన చోట తొడ నొప్పట రా, కుంటుతోందట."

"కన్ను?"

"వాచి ఉంది. కుట్లు విప్పారు. నిద్రలో ఆ కన్ను పూర్తిగా మూసుకోవట్లేదట, ఆరిపోకుండా మందు రాసుకుని పడుకుంటోంది. మెలకువగా ఉందనుకుని వాళ్ళమ్మ నిన్న గంటసేపు కబుర్లు చెప్పిందట."

"నా గురించి ఏమన్నా..."

"బిస్కెట్ల గురించి అడిగింది."

అదీ ఓదార్పే అనుకున్నాడు పాపం.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచీ సన్నగా జల్లు. కంటి ఆసుపత్రి వరండాలో తడిసిన గొడుగులు వరసగా విప్పి ఆరబెట్టి ఉన్నాయి. బెంచీ మీద నల్లద్దాలు పెట్టుకుని కరకర మేడమ్, పక్కనే వాళ్ళమ్మ.

"నువ్వేనా బాబూ, రెండ్రోజులు ప్రాక్టీస్ చేసింది?" అంది వాళ్ళమ్మ అతన్ని తేరిపార చూస్తూ.

"అమ్మా!" అంది కూతురు.

స్పానర్ నమస్కారం పెట్టబోయి గొడుగు కింద పడేశాడు. ఇంతలో లోపలికి పిలిచారు.

డాక్టర్ ఆవిడ కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, కరకర మేడమ్‌ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. చిన్న స్కేలుతో రెండు రెప్పల ఎత్తూ కొలిచింది. "బాగా కుదిరింది. ఒక్క మిల్లీమీటరు తేడా, అంతే. గుర్తుందిగా అమ్మా? ఇప్పుడు ఈ రెప్పని ఎత్తేది నీ నుదురు. నువ్వు కావాలని కనుబొమ పైకి లేపితేనే కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది. రోజూ సాధన చెయ్యాలి" అంటూ చేతిలో చూయింగ్ గమ్ పెట్టింది. "నేను దవడ పట్టుకుంటాను. బాబూ, నువ్వు ఎదురుగా నిలబడి కుడిరెప్ప చూడు. ముందుకీ ఇప్పటికీ తేడా చెప్పాలి."

అమ్మ అప్పుడే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

స్పానర్ ఎదురుగా నిలబడ్డాడు. కదలదు, అది అతనికి తెలుసు. కదలకపోతే తనకేమవుతుందో మాత్రం తెలియదు.

ఆమె నల్లద్దాలు తీసింది. గమ్ నోట్లో వేసుకుంది. తర్వాత కనుబొమ పైకెత్తి, అతన్ని చూసింది.

కిటికీ దగ్గర ఆమె చూసుకున్నది తన ముఖాన్నే. గోడ దగ్గర ఉన్నది గొంతు మాత్రమే. వానలో నిజం చెప్పేటప్పుడు తల వంచుకుంది. తిన్నగా, రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి, కావాలని అతన్ని చూడటం ఇదే మొదటిసారి. ఆ చూపు నిండా భయమే. ఆరు వారాలుగా ఈ భయాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందా ఈ పిల్ల, కుంటుకుంటూ, నిద్ర లేకుండా, ఏం చెబుతానోనని? ఎంత చిక్కిపోయింది! అన్నం తింటోందా అసలు? ఒక్కసారి ఫోన్ చేస్తే ఏం పోయేది, చెయ్యొద్దంటే మాత్రం ఊరుకోవడమేనా, అని స్పానర్ తనని తాను తిట్టుకుంటున్నాడు.

"ఏం బాబూ, కదిలిందా?" అంది డాక్టర్.

"ఏది?" అన్నాడు స్పానర్.

అమ్మ వేళ్ళ సందుల్లోంచి చూసింది.

"ఏదేంటయ్యా? రెప్ప!"

"అయ్యో... చూళ్ళేదండీ."

"ఇంతసేపూ గుడ్లప్పగించి చూశావు కదా?"

"తనని చూస్తున్నానండీ."

డాక్టర్ నిట్టూర్చింది. "ఇంకోసారి నములమ్మా. ఈసారన్నా చూడు బాబూ, బయట పన్నెండుమంది ఉన్నారు."

ఆమె మళ్ళీ నమిలింది. స్పానర్ ఈసారి గట్టిగా నిశ్చయించుకున్నాడు. కుడిరెప్ప. కుడిరెప్ప మాత్రమే. అంతలో ఆమె చూపులో భయం కొంచెం కొంచెంగా కరగడం మొదలైంది, ఆ కళ్ళ అంచుల్లో నీళ్ళు తిరిగాయి, అతనికి ఇంకేమీ గుర్తులేదు.

"ఇప్పుడు?"

"క్షమించండి డాక్టరుగారూ. మళ్ళీ మర్చిపోయాను."

డాక్టర్ స్కేలు జేబులో పెట్టుకుంది. తను చూసింది తనే కాగితం మీద రాసుకుంది, నమిలినప్పుడు రెప్పలో కదలిక లేదని. రాస్తూ, "ఏమ్మా, మళ్ళీ నెల రావాలి. అప్పటికి ఇతన్ని మార్చి, పనికొచ్చే మనిషినెవర్నన్నా తెచ్చుకో" అంది.

"వద్దు డాక్టరుగారూ" అంది కరకర మేడమ్. గమ్ ఇంకా నములుతూనే ఉంది, ఆపడం మర్చిపోయింది. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నాయి. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"నాకు ఇతనే కావాలి" అంది, నోటినిండా నవ్వుతూ.